డైనమో, డయోడ్, లావుపాటి తీగ

మా తాతయ్యకి ఒక అంబాసిడర్ ఉంది. 70ల నాటిది. చిన్నప్పుడు సెలవులకి తెనాలి వెళ్ళినప్పుడల్లా అందులో తిరగడమే మా పిల్లలకి పెద్ద పండగ. రాత్రిపూట రైల్వే గేటు పడితే తాతయ్య బండి ఆపేవారు కానీ ఇంజను మాత్రం ఆపేవారు కాదు. బండి స్లోలో ఉండగానే హెడ్‌లైట్లు మెల్లగా మసకబారి, నూనె దీపాల్లా అయిపోయేవి. డాష్‌బోర్డు మీద చిన్న ఎర్రలైటు మిణుకుమిణుకుమనేది. అప్పుడాయన యాక్సిలరేటర్ కాస్త తొక్కి బండి రైజ్ చేసేవారు. లైట్లు మళ్ళీ తెల్లబడేవి. ఎందుకలా అనడిగితే "డైనమోకి ఊపిరి అందాలిరా" అనేవారు. అంతకుమించి వివరం ఉండేది కాదు.

పోయినేడాది ఆ కారుని పాత సామాన్ల వాడికి ఇచ్చేద్దామని మా బాబాయి అన్నాడు. తాతయ్య ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే నాకు బాధనిపించింది. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, ఈ మాత్రం చెయ్యలేనా అని నేను రంగంలోకి దిగాను. డైనమో తీయించి 65 ఆంపియర్ల ఆల్టర్నేటర్ పెట్టించాను. బిగించిన ఎలక్ట్రీషియన్ "తీగలు కూడా మార్చాలి బాబూ" అన్నాడు. బిల్లు పెంచడానికి చెప్తున్నాడనుకుని, "ఇన్నేళ్ళూ పనిచేసిన తీగలేగా, చాల్లే" అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వద్దాం.

సరే, ఇంతకీ డైనమో ఎందుకు వచ్చింది, ఎందుకు పోయింది? కొత్తది వస్తే పాతది పోతుందని మనం మామూలుగా అనుకుంటాం. ఇక్కడ తమాషా ఏంటంటే, ఆల్టర్నేటరే పాతది!

1831లో ఫారడే విద్యుత్ ప్రేరణ కనిపెట్టాడు. మరుసటి ఏడాది, అంటే 1832లో, పారిస్‌లో పరికరాలు తయారుచేసే హిప్పొలైట్ పిక్సీ చేతితో తిప్పే యంత్రం ఒకటి చేశాడు. తీగచుట్టలు కదలకుండా ఉంటాయి, వాటి దగ్గర అయస్కాంతం గిరగిరా తిరుగుతుంది. దాన్నుంచి వచ్చింది ఏసీ కరెంటు. ఒకసారి ఇటు, ఒకసారి అటు. అప్పటికి దాంతో ఏం చెయ్యాలో ఎవరికీ పాలుపోలేదు. ఆంపియర్ సలహా మీద పిక్సీ దానికి కమ్యుటేటర్ తగిలించి ఒకే దిక్కుకి పోయే డీసీగా మార్చాడు. అంటే ఏసీ మొదట పుట్టింది, డీసీ కోసం దానికి అతుకు వేశారన్నమాట. ఆ అతుకే డైనమోకి ప్రాణమూ అయింది, ఆ తర్వాత శాపమూ అయింది.

కార్లలోకి కరెంటు గట్టిగా అడుగుపెట్టింది 1912లో. అంతకుముందు బండి స్టార్ట్ చెయ్యాలంటే ముందు నిలబడి హ్యాండిల్ కొట్టాలి. అది వెనక్కి తన్నితే చెయ్యి విరిగేది. రాత్రిళ్ళు చాలా కార్లలో ఎసిటిలీన్ గ్యాసు దీపాలే. చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరు 1912 మోడల్ క్యాడిలాక్ కోసం సెల్ఫ్ స్టార్టర్ తయారుచేశాడు. అందులో గొప్పతనం ఏంటంటే, ఒకే యంత్రం రెండు పనులు చేసేది. స్టార్ట్ చేసేటప్పుడు 24 వోల్టుల మోటారు, ఇంజను అందుకున్నాక 6 వోల్టుల జనరేటరు. తర్వాత ఖర్చు తగ్గించడానికి స్టార్టర్ వేరు, డైనమో వేరు చేశారు. అలా దాదాపు 50 ఏళ్ళు కార్లలో డైనమోదే రాజ్యం.

మరి 1890లలోనే ఊళ్ళకి కరెంటు ఇచ్చే దగ్గర ఏసీ గెలిచింది కదా, కార్లలో ఎందుకు గెలవలేదు? కారణం బ్యాటరీ. దానికి కరెంటు ఒకే దిక్కుగా రావాలి. ఏసీ ఇస్తే సగంసేపు నింపుతుంది, సగంసేపు ఖాళీ చేస్తుంది. తాడిచెట్టు ఎక్కుతూ జారుతూ ఉన్నట్టు.

ఇప్పుడు డైనమోకి ఊపిరి ఎందుకు అందదో చూద్దాం. డైనమోలో కరెంటు పుట్టే తీగచుట్టలు తిరిగే భాగంలో ఉంటాయి. అక్కడ పుట్టిన కరెంటు మొత్తం కమ్యుటేటర్ మీద రాసుకునే కార్బన్ బ్రష్‌ల గుండానే బయటికి రావాలి. మరీ వేగంగా తిప్పితే నిప్పురవ్వలు, బ్రష్‌ల అరుగుదల, ఇంకా మించితే చుట్టలే ఊడి విసురుకుపోతాయి. అందుకని ఇంజను పూర్తి వేగంలో ఉన్నా డైనమో హద్దు దాటకుండా ఉండేలా పుల్లీ సైజు పెట్టాలి. అలా పెడితే ఇంజను స్లోలో ఉన్నప్పుడు డైనమో మరీ నెమ్మదిగా తిరుగుతుంది. ఒకవైపు సర్దితే ఇంకోవైపు లోటు. తెనాలి గేటు దగ్గర మా లైట్లు మసకబారడానికి అసలు కారణం ఇదే. పైగా డైనమో వోల్టేజి పడిపోయినప్పుడు బ్యాటరీ కరెంటు వెనక్కి దానిలోకే పోకుండా ఆపడానికి ఒక రిలే కావాలి. మన మెకానిక్‌లు కటౌట్ అనేది దాన్నే.

ఆల్టర్నేటర్‌లో సీను రివర్స్. కరెంటు పుట్టే చుట్టలు కదలవు, పిక్సీ యంత్రంలో లాగే. తిరిగేది అయస్కాంతం. అదీ విద్యుదయస్కాంతమే కాబట్టి దానికి బ్రష్‌ల ద్వారా కొద్ది ఆంపియర్ల కరెంటు పంపితే చాలు. అసలు బరువంతా మోసే కరెంటు బ్రష్‌లని ముట్టుకోనే ముట్టుకోదు. కాబట్టి ఇంజను కంటే రెండు మూడు రెట్లు వేగంగా తిప్పినా భయం లేదు. ఇంజను స్లోలో 800 చుట్లు తిరుగుతుంటే ఇది 2,000 పైచిలుకు తిరుగుతుంది. గేటు దగ్గర కూడా ఊపిరి అందుతుంది.

ఇంత బావుంటే ముందే ఎందుకు పెట్టలేదు అంటారా? ఏసీని డీసీ చేసే మంచి సాధనం లేక. 1940లలో అమెరికాలో లీస్-నెవిల్ అనే కంపెనీ పోలీసు కార్లకీ బస్సులకీ ఆల్టర్నేటర్లు అమ్మింది. పోలీసు కారు గంటలకొద్దీ రోడ్డు పక్కన స్లోలో నిలబడి ఉంటుంది, వైర్‌లెస్ సెట్టు మోగుతూనే ఉంటుంది, డైనమో వల్ల అయ్యే పని కాదు. కానీ వాటికి సెలీనియం రెక్టిఫయర్లు వాడాల్సి వచ్చేది. పలకలు పలకలుగా పేర్చిన పెద్ద పెట్టె, వేరేగా బిగించాలి. మామూలు కారుకి అంత చోటూ లేదు, అంత డబ్బూ లేదు.

1950లలో సిలికాన్ డయోడ్లు వచ్చాయి. చిన్న బొత్తాం అంత సైజు, వేడి తట్టుకుంటాయి, ఆల్టర్నేటర్ వెనక డొప్పలోనే ఆరింటిని ఇమిడ్చెయ్యొచ్చు. పైగా డయోడ్ కరెంటుని వెనక్కి రానివ్వదు కాబట్టి కటౌట్ అవసరమే పోయింది. 1960లో క్రైస్లర్ వాళ్ళు వేలియంట్ కారుకి ఆల్టర్నేటర్‌ని స్టాండర్డ్‌గా ఇచ్చారు. 1961 మోడళ్ళకల్లా వాళ్ళ కార్లన్నిటికీ వచ్చేసింది. ఆ దశాబ్దంలోనే మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. అంటే డైనమోని ఓడించింది ఆల్టర్నేటర్ కాదు. 128 ఏళ్ళు గుమ్మం బయట నిలబడ్డ ఆల్టర్నేటర్‌కి తలుపు తీసింది డయోడ్.

మన దేశానికి ఇది ఆలస్యంగా వచ్చింది. అంబాసిడర్ అంటే 1950ల నాటి మోరిస్ ఆక్స్‌ఫర్డే కదా. లైసెన్సు రాజ్యంలో పోటీ లేదు, మార్చాల్సిన తొందరా లేదు. ప్రపంచం ఆల్టర్నేటర్లకి మారిపోయాక కూడా ఇక్కడ డైనమో బళ్ళు కొత్తవి కొనుక్కుని మురిసిపోయాం. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాకే చాలామంది మధ్యతరగతి వాళ్ళకి, గేటు దగ్గర బండి రైజ్ చెయ్యక్కర్లేదని తెలిసింది. తర్వాత్తర్వాత అంబాసిడర్ కూడా మారిందనుకోండి. 2014లో దాని తయారీయే ఆగిపోయింది.

ఇప్పుడు ఎలక్ట్రీషియన్ మాట దగ్గరికి వద్దాం. ఆల్టర్నేటర్ పెట్టించిన సాయంత్రం తాతయ్యని పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాను. బండి నెలల తరబడి కదల్లేదు కాబట్టి బ్యాటరీ పూర్తిగా డౌన్. తోయించి స్టార్ట్ చేశాం. హెడ్‌లైట్లు చూసి తాతయ్య మొహం కూడా వెలిగింది. పది నిమిషాలు కాలేదు, ఆయనే "ఒరేయ్, ఏదో కాలుతున్న వాసన. ఆపు, ఆపు" అన్నారు. బానెట్ ఎత్తితే సన్నగా పొగ. ఆల్టర్నేటర్ నుంచి బ్యాటరీకి పోయే పాత తీగ మీద తొడుగు మెత్తబడి కారుతోంది. దానికి అర అడుగు దూరంలో పెట్రోలు పైపు. గబగబా బ్యాటరీ టెర్మినల్ పీకేశాను. చేతులు వణికాయి, దాచుకోవడమెందుకు.

ఆ రాత్రి కాగితం మీద వేసిన లెక్క ఇది. ఆ తీగ మందం సుమారు 3.5 చదరపు మిల్లీమీటర్లు, పొడవు 2 మీటర్లు. రాగి కాబట్టి నిరోధం దాదాపు 10 మిల్లీఓములు. పాత డైనమో ఇచ్చే 20 ఆంపియర్లకి అందులో పుట్టే వేడి 4 వాట్లు. అది ఎవరికీ తెలియదు. కొత్త ఆల్టర్నేటర్, ఖాళీ బ్యాటరీని నింపుతూ, 60 ఆంపియర్లు పంపితే? కరెంటు మూడు రెట్లు, వేడి తొమ్మిది రెట్లు. 36 వాట్లు! సోల్డరింగ్ ఐరన్‌ని తీగల కట్ట మధ్యలో పెట్టినట్టే. ఇంటర్మీడియెట్‌లో మార్కుల కోసం బట్టీపట్టిన సూత్రమే ఇది. మన కారు దగ్గరికొచ్చేసరికి గుర్తురాలేదు.

మర్నాడు వెళ్ళి అదే ఎలక్ట్రీషియన్‌కి జరిగింది చెప్పి, తప్పు నాదేనన్నాను. ఆయన నవ్వి 25 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ వేశాడు. అదే 60 ఆంపియర్లకి ఇప్పుడు వేడి 5 వాట్లు. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టాడు. అంతటితో ఆగలేదు. బ్యాటరీ నుంచి బాడీకి, ఇంజను నుంచి బాడీకి పోయే ఎర్త్ తీగలు కూడా మార్చాడు. "పోయిన కరెంటు తిరిగి రావాలిగా బాబూ" అన్నాడు. వెళ్ళే దారి వెడల్పు చేసి, వచ్చే దారి సందులా వదిలేస్తే ఏం లాభం!

వెనక్కి తిరిగి చూస్తే కార్ల కరెంటు చరిత్ర అంతా ఇదే కథ. ఒక చోట ఇరుకు తీస్తే ఆ ఇరుకు ఇంకో చోటికి జరుగుతుంది. బ్రష్‌లు, ఆ తర్వాత రెక్టిఫయర్, ఆ తర్వాత తీగ. తీగని ఎంతని లావు చేస్తాం? అందుకే 1950ల మధ్యలో అమెరికా కార్లు 6 నుంచి 12 వోల్టులకి మారాయి. అదే పవరుకి కరెంటు సగం, అదే తీగలో వేడి నాలుగో వంతు. 2000 ప్రాంతంలో 42 వోల్టులకి వెళ్దామని కంపెనీలు హడావుడి చేశాయి, 2001లో టయోటా క్రౌన్‌లో ఒక రకం వచ్చింది కూడా, కానీ ఖర్చు చూసి అందరూ వెనక్కి తగ్గారు. తర్వాత 48 వోల్టులు వచ్చాయి. ఆ హైబ్రిడ్ కార్లలో చాలావాటికి స్టార్టరూ జనరేటరూ కలిపి ఒకటే యంత్రం, బెల్టుతో తిరిగేది. వందేళ్ళు తిరిగి మళ్ళీ కెటరింగ్ ఇంటికే చేరామన్నమాట :)

మేం ఆఫీసులో చేసేదీ ఇదే. డేటాబేస్ వేగం పెంచితే నెట్‌వర్క్ మొరాయిస్తుంది. అది తెలిసి కూడా కారు దగ్గర ఒక్క ముక్క మార్చి గెలిచాననుకున్నాను.

అంబాసిడర్ ఇప్పుడు బాగానే ఉంది. బాబాయి పాత సామాన్ల మాట మళ్ళీ ఎత్తలేదు. మొన్న దసరాకి వెళ్ళినప్పుడు రాత్రి గేటు పడింది. బండి స్లోలో ఉంది, లైట్లు తెల్లగా నిలకడగా వెలుగుతున్నాయి. పక్క సీట్లో కూర్చున్న తాతయ్య కుడికాలు మాత్రం, అలవాటు కొద్దీ, కింద చాపని మెల్లగా తొక్కుతోంది.