చెల్క చేలకు చెరువు మట్టి

తెలంగాణలో ఎండాకాలం చెరువులు ఎండగానే పూడిక మట్టిని బండ్లకెత్తి చెల్క చేలకు తోలడం పాత ఆనవాయితీ. అది ఎరువన్నది అందరి మాట. ఆ మాటే దానికి చేటు చేసింది. నత్రజని లెక్కన తూస్తే బండెడు మట్టి యూరియా సంచి ముందు నిలవదు. 1960ల తర్వాత రసాయన ఎరువులు, ఆపైన బోరుబావులు వచ్చి, చెరువుల మీద ఆధారం తగ్గి, బండ్లు తగ్గిపోవడంలో ఈ తూకానికీ పాలుంది. అసలు ఆ తూకమే తప్పు. చెరువు మట్టి చేసే పెద్ద పని, వేసిన పోషకాన్ని వేళ్ల దగ్గర నిలపడం.

చెల్కలో ఇసుక పాలు ఎక్కువ, బంకమన్ను తక్కువ. అమ్మోనియం, పొటాషియం, కాల్షియం ధనావేశ అయాన్లు. రుణావేశమున్న బంకమన్ను, కుళ్లిన ఆకు అలము వాటిని పట్టుకుని వేళ్లకు కొద్దికొద్దిగా వదులుతాయి. 1850లో ఇంగ్లండు రసాయనవేత్త జాన్ థామస్ వే అమ్మోనియం లవణాల ద్రావణాన్ని మట్టి గుండా దింపి, అమ్మోనియం మట్టిలో ఆగిపోవడం, బదులుగా కాల్షియం బయటికి రావడం చూపించాడు. మన రైతులకు ఆ రసాయనం తెలుసని గొప్పలు పోనక్కర్లేదు. మట్టి తోలిన చేను బెట్టకు ఆగడం కంటికి కనిపించేదే. పోషకం వేరును చేరేది తేమలోనే మరి. కాకతీయుల నాటి పాఖాల, రామప్ప మొదలు ఊరి కుంట దాకా జరిగేది ఒకటే: వరదలో ముతక ఇసుక ముందే దిగబడుతుంది, సన్నని బంక లోపలిదాకా వచ్చి అడుగున పేరుకుంటుంది. చెల్క పోగొట్టుకున్న సారమే అది. బండి దాన్ని వెనక్కి తెచ్చేది.

బంకమన్నే అంత మేలైతే, అది మెండుగా ఉన్న నల్లరేగడికి పోషక లోపమెందుకని అడగవచ్చు. సున్నం ఎక్కువై క్షారగుణం పెరిగిన రేగళ్లలో జింకు, ఇనుము ఉండీ అందవు, భాస్వరం కాల్షియంతో బిగుసుకుంటుంది, వేరుశనగ లేతాకులు పాలిపోతాయి. కాబట్టి ఈ వాదన చెల్కలకే. అక్కడా నైట్రేటును బంక ఆపలేదు, అది రుణావేశ అయాను; మట్టిలో నైట్రేటుగా మారే యూరియాను దఫాలుగా వేయక తప్పదు. తోలుడు ఖర్చన్న అభ్యంతరం గట్టిదే. 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో తవ్వకం ఖర్చు ప్రభుత్వం పెట్టుకుంది, తోలుకునే ఖర్చు రైతు మీద పడింది. అయితే బంక ఒక్క పంటతో కరిగిపోదు, ఆ ఖర్చును కొన్నేళ్ల మీద పంచి చూడాలి. చౌడు నేలల నీరు దిగే చెరువు మట్టి మాత్రం చేనును పాడుచేస్తుంది. మట్టి తోలించదలచిన రైతులు ముందుగా చేను మట్టినీ చెరువు మట్టినీ భూసార పరీక్షకు పంపించుకోవాలి.