లియోనీ రిసానెక్

లియోనీ రిసానెక్ (14 నవంబరు 1926 – 7 మార్చి 1998) ఆస్ట్రియాకు చెందిన ఒపేరా గాయని, సొప్రానో. వియన్నాలో పుట్టి, అక్కడే సంగీతం నేర్చుకున్నారు. సోదరి లోటే కూడా సొప్రానోయే. 1949లో ఇన్స్‌బ్రుక్‌లో రంగప్రవేశం చేశారు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బైరాయిట్ ఉత్సవం 1951లో మళ్లీ మొదలైనప్పుడు వాగ్నర్ 'వాల్క్యూర'లో జీగ్లిండె పాత్ర ఆమెకు దక్కింది. మొదటి అంకం చివర కథానాయకుడు జీగ్‌ముంట్ చెట్టు మానులోంచి కత్తిని పెరికే క్షణంలో ఆమె పెట్టే కేక స్వరలిపిలో లేదు. అయినా శ్రోతలు దానికోసం ఎదురుచూసేవారు.

న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరా మరియా కాలస్‌తో ఒప్పందం రద్దు చేసుకోగా, 1959లో వెర్డి 'మక్బెత్'లో లేడీ మక్బెత్‌గా ఆ స్థానంలోకి వచ్చినది రిసానెకే. అంత పేరున్న గాయనికి బదులుగా నిలబడి మెప్పించడం చిన్న విషయం కాదు. మెట్‌తో ఆ అనుబంధం 1996 దాకా సాగింది.

ఆమె మధ్యస్థాయి స్వరాలు ఒక్కోసారి బలహీనంగా, శ్రుతి కాస్త అటూ ఇటూగా ఉండేవి. పైస్థాయికి చేరితే మాత్రం ఆ గొంతు వాద్యబృందం హోరును దాటి వినిపించేది. అందుకే రిఖార్డ్ స్ట్రాస్ రచనలు ఆమెకు అంతగా నప్పాయి. 'నీడలేని స్త్రీ' ఒపేరాలో మహారాణి పాత్ర అంటే చాలామందికి నేటికీ రిసానెకే. స్ట్రాస్ 'ఎలెక్ట్రా'లో ఆమె మొదట చెల్లెలు క్రిసోథెమిస్, తర్వాత కార్ల్ బోమ్ సంగీత నిర్వహణలో తీసిన చిత్రంలో ఎలెక్ట్రా, చివరికి తల్లి క్లిటెమ్నెస్ట్రా. 1996లో జాల్స్‌బుర్గ్ ఉత్సవంలో ఈ తల్లి పాత్రతోనే రంగస్థలానికి వీడ్కోలు పలికారు.