వేములవాడలో లోపల ఎవరు, బయట ఎవరు?



వేములవాడ రాజన్న గుడి ప్రాంగణంలో ఒక దర్గా ఉంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల నుంచి కోడె మొక్కు తీర్చుకోను వచ్చేవాళ్లలో చాలామంది ఆ దర్గాకు కూడా దండం పెట్టి పోతారు. శివుణ్ని నమ్మిన ఒక ముస్లిం సాధువు సుమారు నాలుగు వందల ఏళ్ల కింద అక్కడే కన్నుమూశాడని జనం చెప్పుకుంటారు. ఆ దర్గాను అక్కడి నుంచి తీసేయాలన్న మాట కొన్నేళ్లుగా వినబడుతోంది. 2024 నవంబర్ 20న ముఖ్యమంత్రి 76 కోట్ల రూపాయల ఆలయ అభివృద్ధి పనులకు శంకుస్థాపన చేశారు. గుడి విస్తరణ అంటే ఎవరి జాగ ఎంత అన్న లెక్క మళ్లీ తీయడమే. కాబట్టి చరిత్రను ఒకసారి తిరగేద్దాం.

"ఇక్కడ మొదట ఎవరున్నారు?" అన్నది ఇలాంటి గొడవల్లో మొదటి ప్రశ్న. శాసనాలను అడిగి చూడండి. వేములవాడ చాళుక్యుల కాలంలో ఈ ఊరు జైనానికి పెద్ద నిలయం. 966 నాటి పర్భణీ తామ్రశాసనం, రాజు బద్దెగ ఇక్కడ కట్టించిన శుభధామ జినాలయానికి అతని కొడుకు మూడో అరికేసరి ఊరు దానం ఇచ్చిన సంగతి చెబుతుంది. దగ్గర్లోని కురిక్యాల బొమ్మలగుట్ట మీద పంప కవి తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన జైన మూర్తులు, తెలుగు కందపద్యాలు ఇప్పటికీ ఉన్నాయి. ఇంకా వెనక్కి పోతే ధూళికట్ట బౌద్ధ స్తూపం కనబడుతుంది. జైనులు, బౌద్ధులు, శైవులు, సూఫీలు అందరూ నడిచిన నేల ఇది. "మొదట మేమే" అన్న వాదన ఇక్కడ ఎవరికీ చివరిదాకా అక్కరకు రాదు.

చట్టం కూడా ఈ తవ్వకాన్ని ఆపింది. 1947 ఆగస్టు 15 నాటికి ఏ ప్రార్థనా స్థలం ఏ మతానిదో అలాగే కొనసాగాలని 1991 చట్టం చెబుతుంది.

ఇక మన సంగతి. దర్గా లోపల ఉండాలా బయట ఉండాలా అని వాదించేవాళ్లు, గుడి బయట ఎవరిని ఎన్ని తరాలు నిలబెట్టారో మాట్లాడరు. హైదరాబాద్ సంస్థానంలో "హరిజన" ఆలయ ప్రవేశ రెగ్యులేషన్ వచ్చింది 1358 ఫసలీలో, అంటే 1948-49లో. గడపలు మూసి ఉన్నాయి గనుకే తెరవమని చట్టం చేయాల్సి వచ్చింది. ఆ గడపలు మూసింది ఏ దర్గానో కాదు, కులం.

అదే వేములవాడలో బద్ది పోచమ్మను చూడండి. రాజన్న దర్శనం అయినంక జనం బోనం ఎత్తుకుని ఆమె దగ్గరికి పోతారు. రాజన్నకు కోడె, పోచమ్మకు కోడి. బలి అడిగే తల్లికి పెద్ద గుడి ప్రాకారంలో చోటు లేదు, వేరే గుడి. మన పల్లెల్లో కూడా అంతే. నడిఊళ్లో ఆంజనేయుడు, ఊరి చివర పోచమ్మ, ఆమె పక్కన మన వాడ. దేవుళ్లకు కూడా కులం చూసే జాగ ఇచ్చారు.

జాగ ఎప్పుడూ అధికారం లెక్కే. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్రలో నడిచిన కూలీలు అడిగింది కూడా భూమి, వెట్టి నుంచి విముక్తి. దానికి సర్కారు జవాబు అక్టోబర్ 20న వచ్చింది: సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలు కల్లోలిత ప్రాంతాలు.

విద్యార్థి మిత్రులకు ఒక పని. మీ ఊరి నక్షా గీయండి. గుడి, మసీదు, చర్చి, పోచమ్మ, శ్మశానం, మాల వాడ, మాదిగ వాడ ఎక్కడున్నాయో గుర్తు పెట్టండి. ఏది ఎవరి పట్టా భూమిలో ఉంది, ఏది ప్రభుత్వ భూమిలో ఉంది, దేనికి ఎవరు అనుమతి ఇచ్చారు, దేన్ని ఎవరు అడ్డుకున్నారు, పెద్దల్ని అడిగి రాయండి. రేపు ఎవరైనా వచ్చి "వాళ్ల ప్రార్థనా స్థలం ఇక్కడ ఉండొద్దు" అంటూ మన పిల్లల చేతికి జెండా ఇస్తే, ఆ నక్షా ముందు పెట్టి ఒక్క మాట అడగండి: ఊళ్లో మా జాగ ఎక్కడో నిర్ణయించింది ఎవరు?