జానెడు దూరంలో ఆఫ్‌లైన్

రాత్రి పదీ ఇరవై. రాజమండ్రి దానవాయిపేటలో మీ ఇంటి హాలు. ఫ్యాను అయిదు మీద తిరుగుతున్నా మే నెల గాలి వేడిగానే దిగుతోంది. టేబుల్ మీద కొత్త ల్యాప్‌టాప్, జానెడు దూరంలో పాత ప్రింటరు. అత్తగారు పాత వాయిల్ చీర చింపి కుట్టిన తొడుగు ఇప్పుడే తీశారు. 2020లో పిల్లకి ఆన్‌లైన్ క్లాసులని కొన్న ప్రింటరది. పాత కంప్యూటర్ పోయాక దాన్ని ముట్టుకున్నవాళ్లు లేరు.

రేపు పొద్దున తొమ్మిదికి అమ్మాయికి ఎంసెట్. పేరు ఈఏపీసెట్ అని మారి ఏళ్లవుతున్నా మీ ఇంట్లో ఇంకా ఎంసెట్టే. హాల్ టికెట్ స్క్రీన్ మీదుంది, కాగితం మీద లేదు. సందు చివర జిరాక్స్ షాపు షట్టరు తొమ్మిదిన్నరకే దిగింది.

ప్రింట్ నొక్కుతారు. కాగితం రాదు. ఫైలుకి పేరేం పెట్టాలో చెప్పమని ఓ పెట్టె తెరుచుకుంటుంది. ఏదో పేరు కొడతారు. ఏదో అయినట్టే ఉంటుంది గానీ ప్రింటరు ఉలకదు, పలకదు. మళ్లీ నొక్కితే మళ్లీ పేరడుగుతుంది. ఈ ల్యాప్‌టాప్ మీ ప్రింటరు మొహమే చూడలేదు. తనలోనే ఉండే 'మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్'ని ప్రింటరనుకుని దానికే పంపుతోంది.

"ఏవండీ, అసలు వైరు పెట్టారా?" వంటింట్లోంచి మీ ఆవిడ.

పెట్టలేదు. సొరుగులో వెతికి వైరు తీస్తారు. ఒక కొన పలకగా, ఇంకో కొన చదరంగా ఉంటుంది. చదరం కొన ప్రింటరు వెనక్కి వెళ్లాలి. ప్రింటర్ని తిప్పితే ఆ బెజ్జం చుట్టూ సగం పీకిన స్టిక్కరు జిగురు, దానికంటిన దుమ్ము. కంప్యూటర్ అడిగేదాకా ఇక్కడ వైరు పెట్టొద్దని ఆ స్టిక్కరు మీద రాసి ఉండేది. కొన్న రోజునే పీకి పారేశారు. ఇప్పుడు చదవడానికి అక్షరం మిగల్లేదు.

వైరు పెట్టగానే ల్యాప్‌టాప్ టింగుమంటుంది. సెట్టింగ్స్‌లో ప్రింటర్స్ అండ్ స్కానర్స్ తెరిస్తే మీ ప్రింటరు పేరు కనిపిస్తుంది. ప్రాణం లేచొస్తుంది. దాని కింద చిన్న అక్షరాల్లో 'డ్రైవర్ ఈజ్ అనవెయిలబుల్'.

హైదరాబాద్‌లో కంప్యూటర్ల ఉద్యోగం చేసే మేనల్లుడికి ఫోన్ చేస్తారు. స్పీకర్ ఆన్ చేసి టేబుల్ మీద పెడతారు.

"వైరు ముందే పెట్టేశావా మావయ్యా?"

"పెట్టకపోతే దానికెలా తెలుస్తుందిరా?"

"అక్కడే వచ్చింది తంటా. నువ్వు పెట్టగానే అది తన దగ్గరున్న డ్రైవర్లన్నీ వెతుక్కుంది. సరిపడేది దొరకలేదు. ఎవరో వచ్చారు, భాష తెలీదు అని రాసేసుకుంది. ముందు ఆ రాసింది చెరిపేద్దాం. పేరు మీద నొక్కి రిమూవ్ కొట్టు. వైరు పీకెయ్."

పీకేస్తారు. బీరువాలోంచి మీ ఆవిడ సీడీ తెస్తుంది, ప్రింటరుతో పాటు డబ్బాలో వచ్చింది. మీరు ల్యాప్‌టాప్‌ని చేత్తో ఎత్తి నాలుగు వైపులా తిప్పి చూస్తారు. సీడీ పెట్టే చోటే లేదు. కొత్తవాటికి ఆ అరే తీసేశారట. సీడీలో ఉన్నది కూడా 2020 నాటి డ్రైవరే కదా, పోతే పోయింది అంటాడు అల్లుడు.

నెట్‌లో ప్రింటరు పేరు కొడతారు. అన్నిటికన్నా పైన ఆకుపచ్చ బటన్ ఒకటి, అన్ని డ్రైవర్లూ ఒక్క క్లిక్‌లో ఇస్తానంటూ మెరుస్తోంది. వేలు దాని మీదికి పోతుంది.

"పైన ప్రకటనలుంటాయి, వాటి జోలికెళ్లకు. కంపెనీ సొంత సపోర్ట్ పేజీకే వెళ్లు. మోడల్ నంబరు ప్రింటరు మీద చూసి కొట్టు. చివర ఉన్న అక్షరం కూడా వదలకు."

ఫోన్ టార్చి వేసి, ప్రింటరు వెనక వంగి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి చదువుతారు. చివర డబ్ల్యూ ఉందో వీ ఉందో తేల్చడానికే రెండు నిమిషాలు. అమ్మాయి చదువుతున్న పుస్తకం పక్కన పెట్టి వచ్చి ఒక్క చూపులో చెప్పేస్తుంది, "వీ నాన్నా", అని వెళ్లిపోతుంది.

డౌన్‌లోడ్ మొదలైంది. నీలం గీత నత్తలా పాకుతోంది.

"ఇంత చిన్న యంత్రానికి ఇంత పెద్ద సామానెందుకురా?"

"దుబాసీ మావయ్యా అది. నీ ల్యాప్‌టాప్‌కి తెలిసింది అక్షరం, బొమ్మ. ప్రింటరుకి కావాల్సింది ఎక్కడ ఏ రంగు చుక్క చిమ్మాలన్న లెక్క. మధ్యలో ఈ దుబాసీ లేకపోతే ఇద్దరూ మూగవాళ్లే. నీకో సంగతి తెలుసా? 1980 ప్రాంతంలో అమెరికాలో, ఎంఐటీలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ఆయనకి కూడా ప్రింటరే తలనొప్పి తెచ్చింది. కాగితం ఇరుక్కుంటే వెంటనే అందరికీ తెలిసేలా ప్రోగ్రామ్ మారుద్దామనుకున్నాడు. దాని సోర్స్ కోడ్ ఇవ్వబోమన్నారు. ఆ మంట మనసులో ఉండిపోయింది. 1983లో గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు, ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉద్యమం దాంతోనే మొదలైంది."

ప్రింటరు మీద కోపంతో ఉద్యమం లేవదీశాడంటే మీకు ఈ రాత్రి ఏమీ వింతగా తోచదు.

ఫైలు దిగింది. డబుల్ క్లిక్ చేస్తే, మార్పులు చెయ్యనివ్వనా అని అడుగుతుంది. సరేనంటారు. సగంలో ఆగి, ఇప్పుడు వైరు పెట్టండి అంటుంది. ఆ స్టిక్కరు చెప్పిన ముక్కే, ఆరోజు వినలేదు. ల్యాప్‌టాప్ ఎడమ పక్క బెజ్జంలో పెడతారు. పచ్చ టిక్కు పడుతుంది. 'రెడీ'. అల్లుడికి ఆశీర్వచనాలు చెప్పి ఫోన్ పెట్టేస్తారు.

ప్రింట్ నొక్కుదామని చూస్తే బ్యాటరీ తొమ్మిది శాతం. చార్జరు వైరు అందడం లేదు. ల్యాప్‌టాప్‌ని టేబుల్ అటు చివరికి జరుపుతారు. ఇప్పుడు ప్రింటరు వైరు చాలదు. పీకి, కుడి పక్క బెజ్జంలో పెడతారు. టింగుమంది. ప్రింట్ నొక్కుతారు.

ఏమీ లేదు. మళ్లీ నొక్కుతారు. ఎనిమిదోసారికి అత్తగారు మంచం మీంచే, "గట్టిగా నొక్కితే విరుగుద్ది బాబూ" అంటారు. స్క్రీన్ మీద ప్రింటరు బొమ్మ వెలిసిపోయి ఉంది. కింద ఒక్క మాట, 'ఆఫ్‌లైన్'. మీ మోచేతి పక్కన పచ్చ లైటు వెలుగుతూనే ఉంది, చేత్తో తాకొచ్చు. అది అక్కడ లేదంటుంది ల్యాప్‌టాప్.

ఈసారి అల్లుడు ఆవులిస్తూ ఎత్తాడు.

"లిస్టులో ఎన్ని ప్రింటర్లున్నాయి?"

"ఒకటే... కాదురా, రెండు. రెండోదాని పక్కన కాపీ వన్ అనుంది. ఒక ప్రింటరు కొంటే ఇంకోటి ఫ్రీ అనుకోవాలా?"

"వైరు బెజ్జం మార్చావా?"

మీరు మాట్లాడరు.

"కొన్ని ప్రింటర్లు ప్లగ్గు పెట్టినప్పుడు తమ సీరియల్ నంబరు చెప్పవు మావయ్యా. అప్పుడు విండోస్ మనిషిని బట్టి కాదు, వచ్చిన గుమ్మాన్ని బట్టి గుర్తుపెట్టుకుంటుంది. ఎడం గుమ్మంలో వచ్చినవాడు ఒకడు, కుడి గుమ్మంలో వచ్చినవాడు వేరొకడు. నీ కాగితాలన్నీ ఎడం గుమ్మం ముందే నిలబడున్నాయి. ముందు ఆ వరస ఖాళీ చెయ్యి. లేకపోతే దారి దొరగ్గానే ఎనిమిది హాల్ టికెట్లొస్తాయి."

వరస తెరిచి అన్నీ క్యాన్సిల్ కొడతారు. ఏడు పోతాయి. మొదటిది 'డిలీటింగ్' అని రాసుకుని అలాగే కూర్చుంటుంది. నిమిషం, రెండు నిమిషాలు. వైరు పీకి మళ్లీ పెట్టినా, ల్యాప్‌టాప్‌ని తిట్టినా అదే మాట.

"సర్వీసెస్‌లో ప్రింట్ స్పూలర్ అనుంటుంది, దాన్ని ఆపు."

కంప్యూటరు చురుకు, ప్రింటరు నిదానం. పని ఇచ్చేసి వెళ్లిపోవాలంటే మధ్యలో దాచిపెట్టే గుమస్తా ఒకడుండాలి కదా, అదే స్పూలర్. ఆపుతారు. తర్వాత సీ డ్రైవ్, విండోస్, సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్. లోపలికి రావడానికి అనుమతుందా అని ఫోల్డరు అడుగుతుంది. మీ ఇంట్లో మీకే. కంటిన్యూ కొడితే రెండే రెండు ఫైళ్లున్నాయి. ఎస్‌పీఎల్ ఒకటి, ఎస్‌హెచ్‌డీ ఒకటి. మొదటిదాంట్లో అచ్చు కావాల్సిన సరుకు, రెండోదాంట్లో అది ఎవరిది, ఏ ప్రింటరుకి అన్న చీటీ. రెండూ తీసేసి స్పూలర్ని మళ్లీ నడిపిస్తారు. వరస ఖాళీ.

"ఇప్పుడు మొదటి ప్రింటరు మీద ప్రింటర్ ప్రాపర్టీస్, అందులో పోర్ట్స్. టిక్కు దేనికుంది?"

"యూఎస్‌బీ సున్నా సున్నా ఒకటి."

"కాపీ వన్‌లో?"

"సున్నా సున్నా రెండు."

"మొదటిదానికీ రెండే పెట్టు. అప్లై."

టిక్కు మారుస్తారు. వెలిసిన బొమ్మకి రంగొస్తుంది. ప్రింట్ ఒక్కసారే నొక్కి చెయ్యి వెనక్కి తీసుకుంటారు.

లోపల ఏదో మూలిగింది. నెలల తరబడి కదలని చక్రం కాగితాన్ని పట్టుకోబోయి జారింది, మళ్లీ పట్టుకుంది. సర్రు సర్రుమంటూ సిరా హెడ్డు అటూ ఇటూ పరుగెత్తింది. అంగుళం అంగుళంగా హాల్ టికెట్ బయటికొస్తోంది. అమ్మాయి పేరు, పరీక్ష కేంద్రం, ఫొటో. ఫొటోలో నుదుటి మీంచి గడ్డం దాకా తెల్ల చారలు.

"ఎన్నాళ్లు వాడలేదు మావయ్యా? సిరా ఎండి నాజిల్స్ మూసుకుపోయుంటాయి. మెయింటెనెన్స్‌లో హెడ్ క్లీనింగ్ ఒకసారి చెయ్యి. ఊరికే చెయ్యకు, సిరా తాగేస్తుంది."

రెండో కాగితం శుభ్రంగా వచ్చింది. పదకొండూ యాభై. అమ్మాయి పుస్తకం మీదే నిద్రపోయింది. మీ ఆవిడ హాల్ టికెట్‌ని ఆరేదాకా గాల్లో ఊపి ప్లాస్టిక్ కవర్లో, ఆధార్ కార్డు పక్కన పెట్టింది. చారలొచ్చిన కాగితాన్ని చిల్లర లెక్కలకని అత్తగారు అడిగి తీసుకున్నారు.

మీరు మాత్రం ప్లాస్టరు ముక్క ఒకటి చింపి, ల్యాప్‌టాప్ కుడి పక్క బెజ్జం పైన అంటించి, స్కెచ్ పెన్నుతో రాస్తున్నారు: ప్రింటరు ఇక్కడే.