జీతాల పద్దులో పాదిరీలు

శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాలనుండి జంషెడ్‌పూరు ఉక్కు కర్మాగారానికి వలసపోయిన తెలుగు కార్మికులకు ‘మస్టరు’ అనగా హాజరుపట్టీ. ఆ మాట అంతకు ఎంతో ముందే యుద్ధనౌకలెక్కింది. బ్రిటిషు ఓడలలో సిబ్బంది పేర్లూ, రాకపోకలూ, జీతపు కోతలూ వ్రాసుకొన్నది మస్టరు పుస్తకంలోనే.

ఆ నౌకలలోని పాదిరీల కొలువును పరిశోధించువారు పదోన్నతుల జాబితాలు తిరుగవేసి లాభం లేదు. రాయల్ నేవీలో పాదిరీకి హోదా లేదు. ఎవరితో మాట్లాడితే వారి హోదాయే ఆయనది. 17వ శతాబ్దిలో నావికుల కూలినుండి తలకు నెలకు 4 పెన్నీలు కోసి ఆయనకిచ్చేవారు. చేసిన ప్రార్థనలకు లెక్క లేదు గాని ఈ కోతకు లెక్క ఉన్నది! 1675లో ఓడయెక్కిన హెన్రీ టియోంగ్ అప్పులబాధకు తాళలేక పోయినవాడు. 1825లో అచ్చయిన ఆయన దినచర్యలో విందుల ముచ్చట్లకు కొరత లేదు. అట్లు వ్రాసిపెట్టుకొన్నవారు అరుదు. తక్కినవారి కోసం పద్దులే గతి. 1626 మొదలు 1903 వరకు పనిచేసిన పాదిరీల పేర్లను కీలీ ఒక గ్రంథంగా కూర్చాడు.

1804 సెప్టెంబరు 15న విశాఖ రేవులో ఫ్రెంచివారితో పోరాడిన సెంచూరియన్ నౌక కథలో మనకు వినిపించేవి సేనానుల పేర్లే. జంషెడ్‌పూరు కథా అంతే. మొదటి ప్రపంచయుద్ధానికి పట్టాలందించినందుకు సాక్చికి 1919లో జంషెడ్జీ టాటా పేరు వచ్చింది; పట్టాలు చేసినవారి పేర్లు మస్టరులోనే ఆగిపోయినవి. విశ్రాంత కార్మికుల పెట్టెలలోని జీతపు చీటీలనైనా చెదలపాలు కాకమునుపే నకలు తీయించుట అక్కడి తెలుగు సంఘాలకు చేతనయిన పనియే.