గుర్రప్పందాలు: ఒకే పక్క రాసిన లెక్క

ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర మీద ఒక వ్యాసం రాయమని సంపాదకులు కోరారు. రాజుల గురించీ, కోటల గురించీ రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను సర్వీసంతా లెక్కల విభాగంలో గడిపినవాణ్ణి. అందుచేత లెక్క తప్పే వ్యవహారం ఒకదాని చరిత్ర చెబుతాను. అదే గుర్రప్పందెం.

గుర్రం మీద పందెం కాయడం ఇంగ్లీషువాళ్లు నేర్పిన విద్య అని మనవాళ్లు అనుకుంటారు. కానీ ఆదిపర్వంలోనే ఆ కథ ఉంది. కద్రువ, వినత ఉచ్చైశ్రవాన్ని చూసి పందెం వేసుకున్నారు. గుర్రం అంతా తెలుపే అంది వినత. తోక నలుపు అంది కద్రువ. ఓడినవాళ్లు రెండోవాళ్లకు దాస్యం చెయ్యాలి. కద్రువ తన కొడుకులైన పాముల్ని తోకకు చుట్టుకోమంది. కర్కోటకుడు ఒప్పుకున్నాడు. తెల్ల గుర్రం తోక నల్లగా కనబడింది. వినత దాసి అయింది. వినత చూపులో లోపం లేదు, గుర్రంలోనూ లోపం లేదు. అయినా పందెం పోయింది. ఆ బాకీ తీర్చడానికి కొడుకు గరుత్మంతుడు అమృతం కోసం స్వర్గం దాకా వెళ్లవలసి వచ్చింది.

ఇక మన నగరం సంగతి. హైదరాబాదులో గుర్రప్పందాలు మొదట మౌలాలీలో జరిగేవి. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ 1886లో వాటిని తన మహబూబ్ మాన్షన్‌కు దగ్గరగా ఉన్న మలక్‌పేటకు మార్పించాడు. నవాబులకు అది వినోదం. వారికి గుర్రాలూ సొంతమే, ఖజానాలూ సొంతమే. కాలక్రమాన రైతుబజారుకు వెళ్లే సంచితోనే రేసుకోర్సుకు వెళ్లే చిరుద్యోగులు కూడా అక్కడ చేరారు. వారికి మాత్రం అది వినోదంతో ఆగలేదు.

అలాంటివారిలో ఒకరు మా ఆఫీసులో ఉండేవారు. 1978లో నేను ఉద్యోగంలో చేరేటప్పటికే ఆయన సీనియరు అకౌంటెంటు. అందరం 'అన్నగారు' అనేవాళ్లం. ఆయన కూడిన కూడికను ఆడిట్ వాళ్లు కూడా మళ్లీ చూసేవారు కాదు. రేసుల మర్నాడు ఆయన టేబులు చుట్టూ మూగేవాళ్లం. "ముక్కు తేడాతో పోయిందయ్యా" అనేవారు. ఇంకో వారం "వాన పడి మైదానం బురదైంది", మరో వారం "జాకీ పగ్గం బిగబట్టాడు" అని చెప్పేవారు. ఆయన గుర్రం ఏ వారమూ ఊరికే ఓడిపోలేదు. ప్రతి ఓటమికీ ఒక కారణం ఉండేది.

దురదృష్టం లేదని నేనడం లేదు. 1956లో ఇంగ్లండులో గ్రాండ్ నేషనల్ పందెంలో రాజమాత గుర్రం డెవన్ లాక్ అందరికన్నా ముందు పరుగెడుతోంది. గెలుపుగీత ఇంకో యాభై గజాలుందనగా ఉన్నట్టుండి కాళ్లు చాచి బోర్లా పడింది. ఎదురుగా కంచె కూడా లేదు. ఎందుకు పడిందో ఈనాటికీ తేలలేదు. ఇ.ఎస్.బి. అనే గుర్రం గెలిచింది. డెవన్ లాక్ మీద స్వారీ చేసిన డిక్ ఫ్రాన్సిస్ తర్వాత నవలలు రాసి పేరు తెచ్చుకున్నాడు. డెవన్ లాక్ మీద డబ్బు కట్టినవాళ్లకు ఆ అవకాశం కూడా లేదు.

1967లో అదే పందెంలో దీనికి తిరకాసు జరిగింది. రౌతు లేని గుర్రమొకటి 23వ కంచె దగ్గర అడ్డం తిరగడంతో ముందున్నవన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. బాగా వెనకబడి వస్తున్న ఫాయినవాన్ అనే గుర్రం సందు చూసుకుని దాటిపోయి గెలిచింది. టోట్‌లో దానికి ఒకటికి 444 రెట్లు వచ్చింది. గుర్రాల గురించి బాగా తెలిసినవాడు దాని మీద పైసా పెట్టి ఉండడు.

అయితే పందెంరాయుళ్లను ముంచేది ఇలాంటి వింతలు కావు, మామూలు లెక్క. 1860లలో పారిస్‌లో జోసెఫ్ ఓలెర్ ఒక పద్ధతి ప్రవేశపెట్టాడు. అందరి పందెం డబ్బూ ఒకచోట పోస్తారు. అందులోంచి నిర్వాహకుల వాటా, ప్రభుత్వ పన్ను తీసి, మిగిలింది గెలిచినవాళ్లకు పంచుతారు. ఆ లెక్కను యంత్రంతో చేయించినవాడు జార్జ్ జూలియస్ అనే ఇంజనీరు. ఆయన యంత్రాన్ని మొదట తయారు చేసింది ఓట్లు లెక్కించడానికి. దాన్ని ప్రభుత్వం తీసుకోకపోతే పందాలకు మార్చాడు. 1913లో న్యూజిలాండులోని ఆక్లండ్‌లో మొదటిది పెట్టారు.

మాటవరసకు నూటికి ఇరవై ముందే తీసేస్తారనుకుందాం. సగటు మనిషి చేతిలో వంద రూపాయలు ఒక పందెం తర్వాత ఎనభై. అవి మళ్లీ కడితే అరవై నాలుగు. మూడోసారికి యాభై ఒకటి, నాలుగోసారికి నలభై ఒకటి. అయిదో పందెం అయ్యేసరికి ముప్పై మూడు. గెలిచేవాడు గెలుస్తాడు గానీ, గ్యాలరీలో నిలబడ్డ జనం మొత్తాన్ని ఒక మనిషిగా చూస్తే ఆ మనిషి రోజూ ఓడుతూనే ఉంటాడు. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నట్టు, ఏ గుర్రం ఓడినా ఆ కోత తప్పదు. 2017లో జి.ఎస్.టి. వచ్చాక రేసు పందాలు 28 శాతం రేటు కిందికి వచ్చాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ రేటు 40 శాతమైంది.

"బాగా తెలిసిన గుర్రం మీదే కడితే?" అని అడగవచ్చు. స్క్వాండరర్ అనే మన దేశపు గుర్రం 1970లలో 19 పరుగుల్లో 18 గెలిచింది. పేరుకు అర్థం దుబారా మనిషి! కానీ అలాంటి గుర్రం మీద అందరూ కడతారు కనుక వచ్చే లాభం స్వల్పం. హ్యాండీక్యాప్ పందాల్లోనైతే మంచి గుర్రం మీద ఎక్కువ బరువు మోపి, అన్నిటికీ సమానావకాశం కల్పిస్తారు. అంటే తెలిసినవాడి తెలివిని తగ్గించడానికి ఏర్పాటు ముందే ఉందన్నమాట.

తమిళనాడు ప్రభుత్వం 1974లో గుర్రప్పందాలపై పందెం కాయడాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 జనవరి 12న కోర్టు, గుర్రప్పందెంలో ప్రధానమైనది నైపుణ్యమే, కేవలం అదృష్టం కాదు అని తీర్పు చెప్పింది. ఆ పేపరు పట్టుకుని అన్నగారు ఆఫీసంతా తిరిగారు. "చూశారా, ఇది జూదం కాదు" అన్నారు. తీర్పు కాదనడానికి నేనెవర్ని? కానీ నలుడి కథ గుర్తొచ్చింది. గుర్రాల మర్మం నలుడికి తెలిసినంతగా ఎవరికి తెలుసు? అయినా పుష్కరుడితో జూదమాడి రాజ్యం పోగొట్టుకున్నాడు. చెట్టు ఆకులూ కాయలూ చూడగానే లెక్క చెప్పగల ఋతుపర్ణుడి దగ్గర అక్షహృదయం నేర్చుకున్నాకే మళ్లీ గెలిచాడు. అశ్వహృదయం వేరు, అక్షహృదయం వేరు.

పోయినదాన్ని రాబట్టాలన్న ఆత్రం ఇంకో జబ్బు. గెలిచే ఆశ తక్కువున్న గుర్రాల మీద జనం ఉండవలసినదానికన్నా ఎక్కువ కడతారని 1949లో గ్రిఫిత్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త చూపించాడు. రోజు ఆఖరి పందెంలో ఈ ధోరణి మరీ పెరుగుతుందని 1956లో మెక్‌గ్లాత్లిన్ గమనించాడు. అప్పటికి జేబు ఖాళీ. చిన్న లాభంతో ఇల్లు చేరలేడు గదా! ఆశ లావు, పీక సన్నం.

ఇప్పుడు నా తప్పు కూడా ఒకటి చెప్పుకోవాలి. అన్నగారు జి.పి.ఎఫ్. అడ్వాన్సు కోసం మూడుసార్లు దరఖాస్తు పెట్టారు. ఒకసారి పిల్లవాడి చదువు, ఒకసారి ఇంటి మరమ్మతు, మరోసారి భార్య వైద్యం. ఆ ఫైళ్లు పుటప్ చేసింది నేనే. డబ్బు ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. అయినా "కాగితములు సక్రమముగా ఉన్నవి, మంజూరు చేయవచ్చును" అని నోట్ రాశాను. పెద్దాయన్ని అడగడానికి మొహమాటపడ్డాను.

రిటైరైన మూడేళ్లకు ఆయన పోయారు. దినకర్మలయ్యాక కొడుకు ఒక నోటుపుస్తకం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ముత్యాల్లాంటి అక్షరాలు. తేదీ, గుర్రం పేరు, వచ్చిన సొమ్ము. ప్రతి పేజీలో రెండు గళ్లు స్కేలుతో గీసి ఉన్నాయి. జమ గడి నిండా అంకెలు. ఖర్చు గడి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఖాళీ.

"బాబాయి గారూ, నాన్నగారు ఇంత గెలిచారు గదా, ఆ డబ్బెక్కడ దాచారో మీకేమైనా తెలుసా?" అని అడిగాడు ఆ అబ్బాయి.

నాకు నోట మాట రాలేదు. ఇంటి మీద తండ్రి చేసిన అప్పు ఆ అబ్బాయి తన జీతంలోంచి ఏడేళ్లు తీర్చాడు. గరుత్మంతుడికి కనీసం రెక్కలున్నాయి.

సాటి పెన్షనర్లకు నీతులు చెప్పే వయసు కాదు నాది, మీదీ వినే వయసు కాదు. సరదాగా రేసు చూడాలనుకుంటే చూడండి, పరుగెత్తే గుర్రం అందమైనదే. పందెం కడితే మాత్రం మన డిపార్టుమెంటు పద్ధతిలో రెండు గళ్లూ నింపండి. నెలాఖరున ఆ పుస్తకం ఇంట్లోవాళ్ల చేతికి ఇవ్వండి. ఆ ఒక్కటీ చేయగలిగి ఉంటే, మా అన్నగారు మూడో నెలలోనే మానేసి ఉండేవారని నా నమ్మకం.