గోడల మీద చెరిగిపోయిన నీటి లెక్క

ఆ లెక్క నిలవలేదు. నల్లగొండ, మహబూబ్‌నగర్ మొదలుకొని ప్రకాశం, కర్నూలు, కడప, చిత్తూరు, అనంతపురం దాకా ఏడు కరువు జిల్లాల్లో రైతులు ఒకప్పుడు తమ నేల కింద ఎన్ని నీళ్లున్నాయో తామే కొలిచారు. కొలిచి, అందరికీ కనబడేలా ఊరి గోడల మీద రాసుకున్నారు. ఆ రాతలు ఎండకూ వానకూ వెలిసిపోయాయి. మళ్లీ రాసే చేతులు లేకపోయాయి.

సిరిసిల్ల ప్రాంతంలోని మా ఎల్లారెడ్డిపేట దాకా ఆ లెక్క రానే లేదు. రాకముందే ఆగిపోయినదాని కోసం కూడా మనసు కలుక్కుమంటుందని, ఎండిన బోర్లున్న చెలకల మధ్య నడిచేవాళ్లకు ఒకరు చెప్పనక్కరలేదు.

మాకు పరాయి దేశపు సాయం వేరే రూపంలో వచ్చింది. 1970లో సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘం పుట్టింది. ఊళ్లలో అందరికీ అది ‘సెస్’. అమెరికా సాయంతో దేశంలో మొదలైన తొలి ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల్లో అదొకటి. తీగలొచ్చాయి, దీపం వెలిగింది, మోటరు తిరిగింది. తండ్రి మోట కొట్టిన బావి దగ్గర కొడుకు మీట నొక్కాడు. ఎద్దులకు చాకిరీ తప్పింది. ఆ సంతోషాన్ని తక్కువ చేసి మాట్లాడటానికి నాకు నోరు రాదు. అయితే నీళ్లు తోడే బలమిచ్చిన ఆ సాయం, తోడగా మిగిలేదెంత అని మాత్రం అడగలేదు. మన కింద ఉన్నది గట్టి గ్రానైటు. దాని పగుళ్లలోనే నీళ్లు దాగుంటాయి. వానకాలం ఎంత పోస్తే ఆ ఏటికి అంతే. బావి అడుగంటితే బోరేశాం, బోరు ఎండితే పక్కనే ఇంకో బోరేశాం. అప్పు పైకి పోయింది, నీళ్లు కిందికి పోయాయి. మనుషులు దుబాయికి, మస్కటుకు పోయారు.

ఎంత మిగిలిందని అడిగినవాళ్లు డచ్చివాళ్లు. సముద్రమట్టానికి దిగువన ఉన్న నేలను కాపాడుకోవడానికి పదమూడో శతాబ్దం నాటికే రైతులు నీటి మండళ్లు పెట్టుకున్న దేశం వాళ్లది. 1995లో నెదర్లాండ్స్ ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్‌తో కలిసి ఏపీవెల్ అనే పథకం మొదలుపెట్టింది. రాష్ట్ర నీటిపారుదల అభివృద్ధి సంస్థ చేతుల మీదుగా, కొందరు చిన్న, సన్నకారు రైతులకు కలిపి ఒక్కో బోరు చొప్పున దాదాపు 3,500 బోర్లలో నీళ్లు పడ్డాయి. ఒకే ఊటను పంచుకున్న ఆ కుటుంబాలను త్వరలోనే ఒక భయం పట్టుకుంది. ఇవీ ఎండిపోతే? ఆ భయంలోంచే కొలవడం పుట్టింది.

ఎంత చక్కటి పని అది! ఊళ్లో వానమాపకం పెట్టారు. వాన పడిన ప్రతి రోజూ ఎన్ని మిల్లీమీటర్లో రాశారు. పదిహేను రోజులకోసారి బోరులోకి తీగ వదిలి నీటిమట్టం చూశారు. ఆడవాళ్లు చూశారు, బడి మానేసినవాళ్లు చూశారు, వేలిముద్ర వేసేవాళ్లు పక్కవాళ్ల చేత రాయించారు. యాసంగి ముందర ఊరంతా కూర్చుని లెక్క వేసుకునేవారు. ఈసారి భూమిలోకి ఇంకిందెంత, మనం వేయాలనుకున్న పంటలు తాగేదెంత. తాగేదే ఎక్కువని తేలితే గుండె జారేది. వరి వేయొద్దని ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు, జరిమానా వేయలేదు. ఇంటికి పోయి ఎవరికి వారే ఆలోచించుకుని, కొందరు వరిమడిని సగానికి తగ్గించి, మిగతా సగంలో ఆరుతడి పైరు వేసుకున్నారు. తన పొలం కింది నీళ్లు పక్కవాడి పొలం కిందివి కూడా అని మనిషికి తెలిసిరావడం చిన్న విషయం కాదు. చట్టాలు చేయలేని పనిని ఒక గోడ మీది అంకెలు చేశాయి.

ఇక్కడే దారి మళ్లింది. 2003 ఫిబ్రవరి 28న కేంద్ర బడ్జెట్ ప్రసంగంలో ఆర్థిక మంత్రి జస్వంత్ సింగ్ చిన్న దాతలకు సెలవు చెప్పారు. పెద్ద దేశంగా తలెత్తుకోవాలన్న కోరిక అందులో ఉంది, దాన్ని కాదనలేం. కొద్ది దేశాల సాయమే ఇక ప్రభుత్వం తీసుకుంటుంది, మిగతావాళ్లు కావాలంటే స్వచ్ఛంద సంస్థలకు ఇచ్చుకోవచ్చు. నెదర్లాండ్స్ ఆ మిగతావాళ్లలో పడింది. ఏపీవెల్ ఆ ఏడాదే ముగిసింది. నీటి లెక్క సర్కారు చేతుల్లోంచి జారి, నంద్యాల కేంద్రంగా పనిచేసే బర్డ్స్ అనే సంస్థ ఒడిలో పడింది. వాళ్లు దాన్ని ప్రాణంలా చూసుకున్నారు. తర్వాత ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడొచ్చింది, రైతు నీటి బడులు నడిచాయి, 638 జనావాసాలకు ఆ పని పాకింది. కానీ పట్వారీ పహాణీలా ఏటేటా తప్పకుండా రాయించే సర్కారు యంత్రం దాని వెనక ఇక లేదు.

ఇంకో అవకాశం కూడా గుమ్మం దాకా వచ్చి వెళ్లింది. 2004 మే 14న ముఖ్యమంత్రిగా రాజశేఖరరెడ్డి తొలి సంతకం ఉచిత కరెంటు ఫైలు మీద పెట్టారు. అప్పుల్లో కూరుకుపోయిన రైతుకు ఆ రోజు ఊపిరి అందింది. ఆ ఉచితంతో పాటే, కరెంటు అందే ప్రతి ఊరూ తన నీటి లెక్క తాను రాసుకోవాలని ఒక్క మాట కలిపి ఉంటే! పద్ధతి అప్పటికే తయారుగా ఉంది, నేర్పేవాళ్లు రెండు మూడు జిల్లాల అవతలే ఉన్నారు. ఆ మాట కలపలేదు. నల్లగొండ నుంచి మా అప్పటి కరీంనగర్ జిల్లాకు అది నడిచి రావాల్సిన సమయం అదే.

ఇదే డచ్చి సాయం ఆఫ్రికాలోని మాలి దేశంలో ఇంకోలా పండింది. నైజర్ నది ఆయకట్టులో 1980లలో హెక్టారుకు రెండు టన్నులు దాటని వరి, 1990ల చివరికి ఐదు టన్నులకు చేరింది. అక్కడ దాతలు ఏళ్ల తరబడి నిలబడ్డారు. 1990లలో ప్రభుత్వం, ఆయకట్టు సంస్థ, రైతులు ముగ్గురూ కూర్చుని ఒప్పందం రాసుకున్నారు. అక్కడా కష్టాలు తీరలేదు, కానీ రైతుకు బల్ల దగ్గర ఒక కుర్చీ దక్కింది. మన రైతులకు ఆ కుర్చీ వేసేలోపే గది ఖాళీ అయింది.

2010 నాటికి ఇక్కడ బర్డ్స్ నడిపిన నీటి లెక్క ప్రాజెక్టు కూడా ముగిసింది. అదే ఏడాది ప్రపంచ బ్యాంకు తన నివేదికలో ఈ రైతులను మెచ్చుకుంది. మెచ్చుకోలు వచ్చేసరికి జీతాల సిబ్బంది, శిక్షకులు వెళ్లిపోతున్నారు. తర్వాత వెళ్లి చూసిన పరిశోధకులకు చాలాచోట్ల కొలతలు ఆగిపోయి కనిపించాయి. రైతులు మరచిపోయారని నేను నమ్మను. ఒకరు కొలిచి ఊరుకు చెబితే, ఊరు మండలానికి చెబితే, మండలం వింటేనే ఆ కొలతకు బతుకు. వినేవాళ్లు లేని చోట ఎన్నాళ్లని తీగ వదులుతారు?

మాకు ఆ తర్వాత నీళ్లు వచ్చాయి. గోదావరిని ఎత్తి మధ్యమానేరు జలాశయంలో పోశారు. 2019, 2020లలో సిరిసిల్ల జిల్లా భూగర్భ నీటిమట్టం ఎన్నడూ లేనంత పైకి లేచింది. బోర్లలో మళ్లీ చెమ్మ చూసినవాళ్ల కళ్లల్లో చెమ్మ వచ్చింది. ఆ నీళ్లలో కొంత దాచుకునే లెక్క అప్పుడు వేయాల్సింది. వేయలేదు, వరి వేశాం. 2023 అక్టోబరులో, ఆ గోదావరి నీళ్లను ఎత్తే మేడిగడ్డ బరాజ్ స్తంభాలు కుంగాయి, పై నుంచి వచ్చే నీళ్ల మీద భరోసా కూడా కుంగింది.

2019 డిసెంబరులో కేంద్రం అటల్ భూజల్ యోజన మొదలుపెట్టింది. పంచాయతీలు తమ నీటిమట్టాలు కొలుచుకోవాలి, ఏటా నీటి బడ్జెట్ వేసుకోవాలి, జనమే కూర్చుని నిర్ణయించుకోవాలి అని అది చెప్పింది. మన ఏడు కరువు జిల్లాల రైతులు ఎప్పుడో చేసి చూపించిన పనే అది. దానికి ఏడు రాష్ట్రాలను ఎంచుకున్నారు: గుజరాత్, హర్యానా, కర్ణాటక, మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్. అందులో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు.